దక్షిణం కిటికీ సలహా మన ఎండకి కుదరదండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో ఇంట్లో పెంచుకునే మొక్కల గురించి ఏది వచ్చినా నేను వదలకుండా చదువుతానండి, చదివి కత్తిరించి ఒక ఫైల్లో దాచుకుంటాను కూడా. మొన్న సక్యులెంట్ల మీద, అంటే మందపాటి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కల మీద, వేసిన దాంట్లో దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి, రోజుకి ఆరు గంటల ఎండ తగిలితే చాలు అని రాసారు. ఇదే మాట నా ఫైల్లో పాత కటింగ్స్ లో ఇంకో రెండు చోట్ల ఉంది, యూట్యూబ్ లో ఎక్కడ చూసినా ఇదే. తప్పు పట్టాలని రాయట్లేదు, కానీ ఈ మాట నమ్మి నేను మొక్కలు పోగొట్టుకున్నాను, నాలాంటి వాళ్ళు ఇంకా చాలామంది పోగొట్టుకుంటూ ఉండుంటారు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది కాకినాడ దగ్గర. ఇప్పుడుండేది హైదరాబాద్ మియాపూర్ లో, నాలుగో అంతస్తు. మూడేళ్ళ క్రితం వేసవి సెలవలకి ఊరెళ్ళి తిరిగొస్తూ కడియంలో ఆగి ఒక ఎచెవేరియా కొన్నాను, ఆకులన్నీ గులాబీ పువ్వు విచ్చుకున్నట్టు పేర్చి ఉంటాయి చూడండి, అది. 120 రూపాయలు. అక్కడ పచ్చ నెట్ కింద ఎంత ముద్దుగా ఉందో, అరచేతిలో పట్టేంత, ఆకుల అంచులు ఎర్రగా. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. చదివింది గుర్తు పెట్టుకుని మా బెడ్ రూమ్ దక్షిణం కిటికీలో పెట్టాను. అది మే రెండో వారం. జూన్ దాటేసరికి ఆ గులాబీ ఏదీ లేదండి, మధ్యలోంచి కాడ సాగిపోయి ఆకుకీ ఆకుకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ, కింద ఆకులు వాలిపోయి, మొక్క మొత్తం కిటికీ అద్దం వైపు మెడ చాచినట్టు వంగిపోయింది. బలం వచ్చి పెరుగుతోంది అనుకున్నాను నేను మొదట, సంతోషపడ్డాను కూడా. అది పెరగడం కాదు, వెలుతురు కోసం వెతుక్కోవడం అని తర్వాత తెలిసింది. అలా సాగిన కాడ మళ్ళీ ఎప్పటికీ పొట్టిగా అవదు, పైన తల కోసి, కోసిన చోటు నాలుగైదు రోజులు ఆరనిచ్చి మళ్ళీ మట్టిలో నాటుకోవడం ఒక్కటే దారి.

అది తెలీక నేను చేసిన పని, ఎండ చాలట్లేదు కదా అని తీసుకెళ్ళి నేరుగా డాబా మీద పెట్టేసాను. ఆ ఏడాది వానలు ఇంకా సరిగ్గా పట్టలేదు, ఎండ మండిపోతోంది. పొద్దున పెట్టి సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్ళి చూస్తే ఆకుల మీద తెల్లగా ఉడికిపోయిన మచ్చలు, రెండ్రోజులకి అవి గోధుమరంగుకి తిరిగి అట్ట కట్టాయి. అంతే, ఇంక కోలుకోలేదు.

మా చెల్లెలు ఇంగ్లండ్ లో లెస్టర్ లో ఉంటుంది. వీడియో కాల్ లో చూపించింది, దాని వంటింట్లో దక్షిణం కిటికీ గట్టు మీద అదే రకం ఎచెవేరియా, నాలుగేళ్ళ నుంచి కదపలేదట, పువ్వు కూడా పూసింది. నాకు చాలా బాధనిపించింది, ఎండే సరిగ్గా ఉండదని రోజూ మొత్తుకునే దేశంలో దానికి బతుకుతోంది, ఎండకి కొదవే లేని మన ఊళ్ళో నాకు బతకట్లేదేంటి అని. ఆ ఆదివారం కూర్చుని లెక్క వేసాం ఇద్దరం, అది అక్కడ నేనిక్కడ.

విషయం ఏంటంటే లెస్టర్ భూమధ్యరేఖకి చాలా ఉత్తరంగా, 52న్నర డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ నడి వేసవిలో, జూన్ 21 మధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణం వైపే 61 డిగ్రీల ఎత్తులో ఆగిపోతాడు (నడినెత్తి అంటే 90), డిసెంబర్లో అయితే 14 డిగ్రీలే, అంటే మేడల వెనకాల్నుంచి తొంగి చూసినట్టు. ఏడాది పొడుగునా మధ్యాహ్నం ఎండ దక్షిణం కిటికీలోంచే వస్తుంది. అందుకే వాళ్ళకి దక్షిణం కిటికీ అంటే బంగారం. అమెరికా లో చాలా ఊళ్ళకీ అంతే. ఈ పుస్తకాలూ వీడియోలూ రాసిందీ తీసిందీ ఎక్కువగా వాళ్ళే, వాళ్ళకి వాళ్ళు కరెక్టుగానే చెప్పుకున్నారు.

హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర ఉంది. మనకి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు. ఇది మీకు నేను చెప్పాలా, మీ పేపర్లోనే ప్రతి ఏడాదీ మే రెండో వారంలో నీడ మాయమైంది అని నిలబెట్టిన గ్లాసు ఫొటో వేస్తారు కదండీ, ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ వేస్తారు. తిరుపతి వాళ్ళకి అది ఏప్రిల్ నెలాఖరుకే వచ్చేస్తుంది, ఆదిలాబాద్ వాళ్ళకి మే మూడో వారానికి. ఆ రెండు తేదీల మధ్య, అంటే మాకు దాదాపు మూడు నెలలు, మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపుకి దాటేసి ఉంటాడు! అప్పుడు దక్షిణం కిటికీలో ఎండ పడే ప్రశ్నే లేదు. పైన ఎలాగూ సన్ షేడ్ ఉంటుంది, దాని పైన ఇంకో ఫ్లాట్ బాల్కనీ. నేను మొక్క పెట్టింది సరిగ్గా ఆ మే రెండో వారంలో. ఆరు గంటల ఎండ కాదు కదా, దాని మీద ఆరు నిమిషాలు కూడా పడి ఉండదు. రోహిణి కార్తె ఎండకి రోళ్ళు పగులుతాయంటారు మన పెద్దవాళ్ళు, అలాంటి రోహిణి కార్తెలో నా మొక్క ఎండ లేక సాగిపోయింది.

అదే దక్షిణం కిటికీ సంక్రాంతికి చూడండి. డిసెంబర్ మధ్యాహ్నం మనకి సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో దక్షిణంగా ఉంటాడు, ఎండ సన్ షేడ్ కిందనించి దూరి కిటికీ గట్టు మీద పడి గచ్చు మీద కూడా పరుచుకుంటుంది, మా వారు చలికాలం పేపర్ చదువుకునేది ఆ ఎండలోనే. కార్తీకమాసం నుంచి శివరాత్రి దాకా ఆ కిటికీ అంత మంచిది ఇంకోటి లేదు సక్యులెంట్లకి. ఉత్తరాయణం దక్షిణాయనం అని పంచాంగంలో మనవాళ్ళు ఎప్పుడో రాసి పెట్టుకున్నదే కదా ఇది, మొక్క దగ్గరికొచ్చేసరికి మర్చిపోతున్నాం.

కాబట్టి మనకి సలహా దిక్కుతో పాటు నెల కూడా చెప్పాలండి. నా అనుభవంలో ఏడాది మొత్తానికి నమ్మకమైన చోటు తూర్పు కిటికీ. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర పది దాకా పడే ఎండ ఏ నెలలో అయినా ఆకుని కాల్చదు, మూడు గంటలే కదా అనిపిస్తుంది కానీ ఆ తర్వాత కూడా బయట ఆకాశం వెలుతురు బాగా ఉంటుంది, ఎచెవేరియాకీ, జేడ్ అనే ఇంకో సక్యులెంట్ కీ అది సరిపోతోంది మా ఇంట్లో. ఎదురు బ్లాక్ దగ్గరగా ఉంటే మాత్రం ఎండ తొమ్మిదికి గానీ రాదు, అప్పుడు అది తూర్పు అని పేరుకే. పడమర కిటికీ చలికాలంలో మంచిదే, మార్చి దాటితే మాత్రం రెండు నుంచి ఐదు దాకా వచ్చే ఎండ వట్టి వెలుతురు కాదు సెగ, అద్దానికి ఆకు ఆనుకుని ఉంటే ఆనుకున్న చోట కమిలిపోతుంది, ఒక పలచటి తెల్ల కర్టెన్ అడ్డం ఉండాలి లేదా రెండడుగులు లోపలికి జరపాలి. ఉత్తరం కిటికీని అందరూ పనికిరాదు అంటారు, నిజమే కానీ జూన్ లో మాత్రం పొద్దున్నా సాయంత్రం వాలుగా కాస్త ఎండ పడుతుంది మన దగ్గర, హవోర్షియా, స్నేక్ ప్లాంట్ లాంటి తక్కువ వెలుతురుకి ఓర్చుకునే మొక్కలు అక్కడ ఏడాదంతా బతుకుతాయి. ఇంకో సంగతి, ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్ అని అంటే గుమ్మం తూర్పుకి ఉందని, అది తెరుచుకునేది కారిడార్ లోకి. బాల్కనీ చాలా ఇళ్ళల్లో అటు పడమరకే ఉంటుంది. మా పక్కింటి పిన్నిగారు మాది ఈస్ట్ ఫేసింగే కదమ్మా ఎందుకు చచ్చిపోతున్నాయి అని అడిగితే వెళ్ళి చూసాను, మొక్కలన్నీ పడమర బాల్కనీలో గ్రిల్ మీద, ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం దాటాక పెనం మీద పెట్టినట్టే.

ఇంక గదిలో వెలుతురు బాగా ఉంది అని మన కంటికి అనిపించడం ఉంది చూడండి, దీన్ని అస్సలు నమ్మకూడదు. కన్ను సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. ఫోన్ లో లక్స్ (వెలుతురు ఎంత పడుతోందో చెప్పే లెక్క) కొలిచే యాప్ వేసుకుని ఒకరోజు ఇల్లంతా తిరిగాను, ఫోన్ లెక్క అంత కచ్చితం కాదు గానీ ఒక చోటుకీ ఇంకో చోటుకీ పోల్చుకోడానికి సరిపోతుంది. డాబా మీద ఎండలో లక్ష దగ్గర చూపించింది. తూర్పు కిటికీ గట్టు మీద ఎండ పడుతున్నప్పుడు 35 వేలు, ఎండ వెళ్ళిపోయాక 4 వేలు. అక్కడనించి మూడడుగులు లోపల టీపాయ్ మీద 900. టీవీ పక్కన షోకేస్ లో 120! మా ఇంటికి వచ్చినవాళ్ళు మీ హాలు ఎంత వెలుతురుగా ఉందో అంటారు, అదే హాలు. దోమల మెష్ వేసి ఉన్న రెక్కా లేని రెక్కా పక్కపక్కన చూస్తే మెష్ వెనకాల మూడో వంతు తగ్గిపోయింది, దుమ్ము పట్టి ఉంటే ఇంకా. నల్ల ఫిల్మ్ అంటించిన అద్దాల సంగతి చెప్పక్కర్లేదు. ఫోన్ కూడా వద్దు అనుకుంటే పొద్దున పదింటికి మొక్క పెట్టే చోట జానెడు పైన అరచెయ్యి పెట్టి చూడండి, వేళ్ళు విడివిడిగా గీసినట్టు నీడ పడితే ఎచెవేరియా పెట్టుకోవచ్చు, మసకగా చెయ్యి ఆకారం తెలుస్తుంటే హవోర్షియా, నీడే కనపడకపోతే అక్కడ ఫొటో ఫ్రేమ్ పెట్టుకోండి, ప్రాణమున్నది పెట్టొద్దు.

ఇది నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఇప్పుడు గృహప్రవేశాలకీ సీమంతాలకీ రిటర్న్ గిఫ్ట్ గా చిన్న పింగాణీ కప్పులో సక్యులెంట్ ఇవ్వడం అలవాటైంది, మంచిదే, స్టీల్ డబ్బాల కంటే నాకూ ఇదే ఇష్టం. కానీ ఆ కప్పుకి అడుగున చిల్లు ఉండదు, ఎక్కడ పెట్టాలో చీటీ ఉండదు, ఇంటికి తీసుకెళ్ళి అందరూ పెట్టేది ఆ షోకేస్ లోనే. వారానికి నాలుగు చెంచాలు నీళ్ళు పోస్తారు. రెండు నెలలకి మొదలు నల్లబడి మెత్తగా కుళ్ళిపోతుంది, నీళ్ళెక్కువయ్యాయి అంటారు చూసినవాళ్ళు. నీళ్ళు ఎక్కువ కాదండి, వెలుతురు తక్కువ. వెలుతురు ఉన్న చోట అవే నాలుగు చెంచాలు మొక్క తాగేసేది, చీకట్లో దానికి పని లేదు, తాగదు, మట్టి తడిగానే ఉండిపోతుంది, వేరు కుళ్ళుతుంది. ఎండ సంగతి తేల్చకుండా నీళ్ళు పది రోజులకా పదిహేను రోజులకా అని చెప్పడంలో అర్థమే లేదు. చివరికి ఆ ఇంటావిడ నా హస్తవాసి మంచిది కాదమ్మా, నా చేత్తో ఏ మొక్కా బతకదు అని ఇంక మొక్కల జోలికే పోదు. ఈ మాట నేను కనీసం పదిమంది నోట విన్నాను, విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. తులసి మొక్కని ఎవరైనా టీవీ పక్కన పెడతారా? పెట్టరు, దానికి వాకిట్లో ఎండ ఉండాలని అందరికీ తెలుసు. ఇది కూడా ఎండలో పుట్టిందే, ఎచెవేరియాలు ఎక్కువ మెక్సికో కొండల్లోవి, జేడ్ దక్షిణాఫ్రికాది. చిన్నగా బొమ్మలా ఉండేసరికి షోపీస్ అనుకుంటున్నాం.

రాత్రి పగలు దీనికి ఎలా నడుస్తుందో తెలిస్తే ఎండ ఎందుకంత ముఖ్యమో ఇంకా బాగా అర్థమవుతుంది, పైగా ఇందులో మా ఊరి వైపు సంగతి ఒకటి ఉంది. మా సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఒక మొక్కల తోట నడిపారు, మొక్కల శాస్త్రజ్ఞుడు రాక్స్ బర్గ్ దొర తర్వాత దాన్ని బెంజమిన్ హైన్ అనే ఆయన చూసుకున్నాడు. ఆ హైన్ 1813 లో రాసిన ఒక ఉత్తరంలో రణపాల ఆకు పొద్దున్నే నమిలితే బాగా పుల్లగా ఉంటుందని, మధ్యాహ్నానికి ఆ పులుపు పోయి చప్పబడుతుందని రాసాడు. రణపాల కూడా సక్యులెంటే, మన పెరళ్ళలో ఆకు పడేస్తే మొలిచేది. (మీరెవరూ రుచి చూడక్కర్లేదు, ఆయన చూసాడు చాలు.) దాని వెనక సంగతి తర్వాత వాళ్ళు తేల్చారు. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి, ఇవి అలా చేస్తే ఉన్న నీళ్ళన్నీ ఆవిరైపోతాయి కాబట్టి రాత్రి చల్లబడ్డాక తెరిచి, తీసుకున్న కార్బన్ డయాక్సైడ్ ని పులుపుగా మార్చి ఆకులో దాచుకుంటాయి, తెల్లారాక రంధ్రాలు మూసుకుని ఎండ సాయంతో ఆ పులుపుని ఆహారంగా మార్చుకుంటాయి. అంటే రాత్రంతా సరుకు తెచ్చి పెట్టుకుంటుందన్నమాట, పగలు పొయ్యి వెలిగితేనే వంట. మనం షోకేస్ లో పెడితే పొయ్యే వెలగదు. అలాగని రాత్రంతా లైటు వేసి ఉంచినా తప్పే, దానికి చీకటి కూడా కావాలి.

కిటికీయే లేని ఇళ్ళు, పక్క బ్లాక్ గోడ తప్ప ఏమీ కనపడని కిటికీలు హైదరాబాద్ లో ఎన్నో ఉన్నాయి, అలాంటి వాళ్ళు మానుకోవాల్సిన పని లేదు. మామూలు 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్, డబ్బా మీద 6500కె అని రాసి ఉంటుంది, తెల్ల వెలుతురు, అది షెల్ఫ్ కి అడుగున బిగించి మొక్కకి జానెడు ఎత్తులో ఉండేలా చేసి రోజుకి పన్నెండు గంటలు వేస్తే చాలు, టైమర్ ప్లగ్ పెట్టుకుంటే మర్చిపోయే బాధ ఉండదు. నెలకి ఏడు యూనిట్ల కరెంటు. ఊదా రంగు లైట్లే కొనాలని ఏం లేదు. సీలింగ్ కి ఉన్న ట్యూబ్ లైట్ మాత్రం లెక్కలోకి రాదు, దూరం పెరిగే కొద్దీ వెలుతురు పలచబడిపోతుంది.

చోటు మార్చేటప్పుడు నేను చేసిన తప్పు ఎవరూ చేయకండి. లోపలనించి ఎండలోకి తెచ్చేటప్పుడు మొదట పొద్దుటి ఎండ ఒక్క గంట, రెండు మూడు రోజులకో గంట పెంచుకుంటూ పది పదిహేను రోజులు పట్టాలి. ఆకు అంచులు ఎర్రబడితే కంగారు పడక్కర్లేదు, ఎండ ఎక్కువగా తగిలి రంగు తిరిగింది, చాలామంది దాని కోసమే పెంచుతారు, నీడకి జరిపితే మళ్ళీ పచ్చబడుతుంది. తెల్లటి లేదా గోధుమరంగు ఎండు మచ్చ పడితే అది కాలిన గాయం, మానదు, ఆ ఆకు రాలేదాకా అంతే. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే ఒకవైపే వంగకుండా ఉంటుంది. వానాకాలం జూలై ఆగస్టుల్లో రోజుల తరబడి మబ్బు పట్టినప్పుడు కిటికీకి ఇంకా దగ్గరగా జరిపి నీళ్ళు బాగా తగ్గించండి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళు మరీ.

నేను అడిగేది ఒక్కటే ఎడిటర్ గారూ. ఇకమీద ఇంటి మొక్కల గురించి వేసేటప్పుడు దక్షిణం కిటికీ, ఆరు గంటలు అని ఊరికే వేయకుండా మన నెలలు మన దిక్కులు పట్టి వేయండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా తూర్పు, కార్తీకం నుంచి శివరాత్రి దాకా దక్షిణం, పడమర అయితే వేసవిలో కర్టెన్ వెనకాల అని మూడు లైన్లు వేసినా చాలు. నర్సరీ వాళ్ళు, రిటర్న్ గిఫ్టులు కట్టేవాళ్ళు మీ పేపర్ చదివితే ఆ మూడు లైన్లే చిన్న చీటీ మీద తెలుగులో అచ్చు వేసి కుండీకి గుచ్చమని చెప్పండి, కుండీకి అడుగున చిల్లు పెట్టమని కూడా. రాసేవాళ్ళు దొరక్కపోతే నేను మూడేళ్ళుగా ఏ కిటికీలో ఏ నెల ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఎండ పడుతోందో కాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను, అది మీకు పంపిస్తాను, అది మియాపూర్ లెక్క, తిరుపతి నుంచి ఒకరు ఆదిలాబాద్ నుంచి ఒకరు వాళ్ళ కిటికీ లెక్క కూడా పంపితే పక్కపక్కన వేయొచ్చు.

కడియం ఎచెవేరియా పోయింది గానీ దాని కింద రాలిన ఆకులు రెండు ఎండు మట్టి మీద పడేసి తూర్పు వైపు వంటింటి గట్టు మీద పెట్టాను. ఒకటి ఎండిపోయింది. రెండోది ఇప్పుడు అరచేతికి కొంచెం పెద్దది, నిన్న పొద్దున చూస్తే పక్కన ఇంకో పిల్ల వస్తోంది.

ఇట్లు
ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్